పన్నెండో గాలిగూడు

ఇది 1987లో జరిగిన సంగతి. అప్పుడే రాసి ఉంటే బాగుండేది. కానీ అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. సంతకం పెట్టమన్న ప్రతిచోటా బొటనవేలు చాపేదాన్ని. మరో నాలుగేళ్లకు, యాభై రెండో ఏట, మా వరండాలోనే మధ్యాహ్నం పూట పెట్టిన పెద్దవాళ్ల తరగతిలో పలక పట్టాను. అక్షరాలు వచ్చాక కూడా ఒక ఏడాది బస్సు బోర్డులు, సబ్బు కాగితాలు చదువుకోవడంతోనే సరిపోయింది. మనసులో ఉన్నది కాగితం మీద పెట్టడం వేరే పని. అది ఇప్పుడిప్పుడే చేతికి వస్తోంది. ఆలస్యానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇందులో తప్పు చేసినదాన్ని నేనే.

మా కాలేజీ పాల్వంచ దాటి భద్రాచలం వైపు వెళ్లే దారిలో, టేకు అడవి మొదలయ్యే చోట ఉంటుంది. నిజాం కాలంలో కట్టారు. తర్వాత యూనివర్సిటీ చేతికి వచ్చింది. తొమ్మిది బంగళాలు, ఒక గంట స్తంభం. బంగళాల్లో నడుమది పుస్తకాల బంగళా. లైబ్రరీ అని అందరూ అనేవారు కానీ, పనివాళ్లం మేము పుస్తకాల బంగళా అనే పిలిచేవాళ్లం. 1983లో తరగతులన్నీ ఖమ్మానికి మార్చేశారు. పిల్లలు పోయారు, పంతుళ్లు పోయారు, పుస్తకాలు లారీల్లో పోయాయి. నన్ను మాత్రం వాచ్‌మన్ పోస్టులో ఉంచారు. కాగితాల్లో ఆ పోస్టుకు ఆడమనిషి పేరు లేదు. కాబట్టి నేను వాచ్‌మన్ ఎస్తేరమ్మనే.

అంతకుముందు నాది డంగు సున్నం పని. సున్నం, ఇసుక కలిపి రాతిగాడిలో పోసి, ఎద్దు తిప్పే రాతి చక్రం కింద వెన్నలా నలిగే దాకా నూరాలి. దాంట్లో కరక్కాయ నానిన నీళ్లు, బెల్లం నీళ్లు కలుపుతారు. నా భర్త యాకోబు తాపీ మేస్త్రీ. ఆయన గోడకు పూసే సున్నం నేను నూరేదాన్ని. పెళ్లయిన మర్నాటి నుంచి మా ఇద్దరి పని అదే. బంగళాల గోడలు ఎక్కడ ఉబ్బినా, ఎక్కడ రాలినా మేమే సరిచేసేవాళ్లం. ఆయన 1981లో కామెర్లతో పోయాడు. తర్వాత కూతురిని తిరుమలాయపాలెం ఇచ్చాను. ఏడాదికి ఒకసారి వస్తుంది.

ఖాళీ కాలేజీని కాయడం అంటే దొంగలను కాయడం కాదు. అక్కడ దొంగలకు కావలసింది ఏమీ లేదు. రోజుకొక బంగళా చొప్పున తాళాలు తీసి, కిటికీలు తెరిచి, గదులకు గాలి పట్టించి, ఊడ్చి, సాయంత్రానికి మళ్లీ మూయాలి. తొమ్మిది రోజులకు ఒక చుట్టు పూర్తవుతుంది. పదో రోజు మళ్లీ మొదటి తాళం. తరగతి గదిలో బల్లలు ఊడుస్తుంటే, నేను తప్ప ఎవరూ వినని ఆ చీపురు చప్పుడు గోడకు కొట్టుకుని తిరిగి వచ్చేది. మొదట్లో భయపడ్డాను. తర్వాత ఆ చప్పుడు లేని రోజు వెలితిగా అనిపించేది.

వారానికి ఒకసారి అడవి గూడెం నుంచి ముత్తమ్మ వచ్చేది. కోయ మనిషి, నా ఈడుది. కరక్కాయలు, చీపురుపుల్లలు తెచ్చి నా దగ్గర ఉప్పు, పొగాకు పట్టుకుపోయేది. ఆమె తెలుగు ఆమెది.

"ఇన్ని ఇండ్లు నీకు. మనిషి లేడు. గోడలతోని మాట్లాడుతున్నవా ఏంది?" అని నవ్వేది.

"మాట్లాడితే తప్పేంది? అవి ఎదురు చెప్పవు" అనేదాన్ని.

"నా మొగునికన్నా నయం" అని పొగాకు నోట్లో వేసుకునేది.

1987 మే నెలలో జీపు వచ్చింది. హైదరాబాదు నుంచి వసంత మేడం, ఆమెతో ఇద్దరు కొలతల మనుషులు. మేడం ఆర్కిటెక్ట్. నలభై దాటిన మనిషి, నూలు చీర, కాళ్లకు కాన్వాసు బూట్లు. పాత కాలేజీలో ఏది కాపాడాలి, ఎలా కాపాడాలి, ఏది దించేయాలి అని ఒక ప్లాను తయారు చేయడానికి యూనివర్సిటీ వాళ్లు పంపారు. దాన్ని కన్సర్వేషన్ ప్లాన్ అంటారు. ముందుగా ప్రతి గోడను, ప్రతి తలుపును, ప్రతి పగులును కొలిచి కాగితం మీదకు ఎక్కిస్తారు. అది మెజర్డ్ డ్రాయింగ్. టేపు రెండో కొన పట్టుకునే పని నాకు వచ్చింది. నాలుగేళ్ల తర్వాత ఒక మనిషితో కలిసి పనిచేయడం అదే మొదలు.

"ఇక్కడ ఇంకెవరుంటారమ్మా?" అని మేడం మొదటి రోజే అడిగింది.

"ఎవ్వరుండరు మేడం. నేను, కొండముచ్చులు."

"భయం వేయదా?"

"వాటికా? ఏయదు. నన్ను చూసి అలవాటు పడ్డయి."

మేడం నవ్వింది. ఆమె నవ్విందని ఆ రోజంతా నాకు సంతోషంగా ఉంది. ఇప్పుడు రాస్తుంటే అది చిన్న విషయంలా కనిపిస్తుంది.

పదిహేను రోజులకు కొలతలు ముగిశాయి. ఖమ్మం నుంచి ఇంజనీరుగారు వచ్చారు. సత్తుపల్లి వైపు మనిషి, పని బాగా తెలిసినవారు, తొందర ఎక్కువ. వరండాలో పెద్ద కాగితం పరిచి మేడం రంగులు వేస్తోంది. నేను చాయ్ ఇచ్చి, పక్కన నిలబడి చూశాను. చదువు రాకపోయినా ఆ కాగితంలో ఏ గడి ఏ బంగళానో నాకు తెలుసు. టేపు పట్టింది నేనే కదా. ఎక్కువ గడులు పచ్చగా ఉన్నాయి, రెండు పసుపు. నడుమ పెద్ద గడి ఒక్కటి ఎర్రగా ఉంది.

"మేడం, ఎర్రది ఏంది?"

మేడం తల ఎత్తలేదు. "పచ్చవి అలాగే ఉంచేవి. పసుపువి మరమ్మతు చేసేవి. ఎరుపు... దించేయాల్సింది."

"అది పుస్తకాల బంగళా."

"అవును."

ఇంజనీరుగారు నాకు అర్థమయ్యేలా చెబుదామని అన్నారు. "చూడమ్మా, గోడల కింద భాగమంతా చెమ్మ. పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది. లోపల చెక్క నేల మెత్తబడింది. ఈశాన్యం మూల పగులు వచ్చింది. అంటే ఏంటి? పునాది కుంగుతోంది. దాని మీద డబ్బు పెడితే ఏట్లో పోసినట్టే."

మేడంకు అది ఇష్టం లేదు. ఆమె ముఖం చూస్తే తెలిసింది. కానీ మరో కారణం చూపించడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. కారణం నా దగ్గర ఉంది.

చెబుతాను. పుస్తకాల బంగళా నేల నాపరాళ్లది కాదు. పుస్తకాలకు చెమ్మ తగలకూడదని, కట్టినవాళ్లు రాతి పునాది మీద టేకు దూలాలు వేసి, వాటి మీద పలకలు పరిచారు. పలకల కింద మోకాలెత్తు ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలోకి గాలి ఆడటానికి బయట గోడ అడుగున చుట్టూ చిన్న చిన్న కమాను గూళ్లు వదిలారు. మేము వాటిని గాలిగూళ్లు అనేవాళ్లం. మొత్తం పన్నెండు.

1974లో మేము ఆ బంగళా వెనక రేకుల పాకలో ఉండేవాళ్లం. నా కూతురికి ఆరేళ్లు. ఒక పొద్దున మెట్ల మీద కూర్చుని మరమరాలు తింటోంది. గాలిగూట్లోంచి కట్లపాము ఒకటి వచ్చి, పిల్ల పాదాల మీదుగా పాకి అవతలి పొదలోకి పోయింది. కరవలేదు. పిల్ల కదలకుండా కూర్చుంది కాబట్టి బతికింది. నేను మాత్రం ఆ తర్వాత వారం రోజులు కన్ను మూయలేదు. నీళ్ల ట్యాంకు కట్టగా మిగిలిన సిమెంటు బస్తాలు రెండు అక్కడ పడి ఉన్నాయి.

"మూసెయ్" అన్నాను యాకోబుతో.

"పిచ్చిదానా, ఇల్లు ఊపిరి తీసుకునేది గదే. ముక్కు మూస్తవా?"

"నా బిడ్డ ఊపిరి నీకు ముఖ్యమా, ఇంటి ఊపిరి ముఖ్యమా?"

కాలేజీ సూపరింటెండెంటును నోటిమాటగా అడిగితే "కానీ" అన్నాడు. రెండు రోజుల్లో యాకోబు పన్నెండూ మూసేశాడు. ఎక్కడా రాయలేదు. మాకు రాత రాదు. వచ్చినవాళ్లకు పట్టలేదు. ఆ తర్వాత నాలుగేళ్లకు గోడ చెమర్చడం మొదలైతే, పైపైన మళ్లీ మళ్లీ పూశాము. ఎందుకు చెమరుస్తోందో మా ఇద్దరికీ తెలుసు. ఒకరితో ఒకరం అనుకోలేదు.

ఇప్పుడు కాగితం మీద ఎర్రరంగు చూస్తూ నేను చెప్పేశాను.

"మేడం, అది కుంగుతలేదు. మేమే దాని గాలి మూసినం."

ఇంజనీరుగారు కళ్లజోడు తీశారు. "ఎవరి ఆర్డరు మీద మూశారు?"

"ఆర్డరేం లేదు సార్. నా భయమే ఆర్డరు."

"రికార్డు ఉందా?"

"లేదు."

"మేడం, వాచ్‌మన్ నోటిమాట పట్టుకుని ప్లాను మార్చేస్తామా? రేపు ఆడిట్‌లో ఏం చెప్తాం?"

మేడం నా వైపు తిరిగి, "ఎన్ని మూశారు?" అంది.

అక్కడ నేను అబద్ధం ఆడాను. "పదకొండు."

దానికి కారణం ఉంది. యాకోబుకు ఒక అలవాటు. ఏ పని అయినా పూర్తి కాగానే, చివరి పూత ఆరకముందే కుడిచేతి నాలుగు వేళ్లతో నిలువుగా ఒక్క గీత గీసేవాడు. నాలుగు చాళ్లు పడేవి. అదే ఆయన సంతకం. సున్నం మీద గీసినవన్నీ తర్వాతి పూతల కింద పోయాయి. పన్నెండో గాలిగూడు మీద గీసినది సిమెంటు కాబట్టి నిలిచింది. ఆయన ఫొటో ఒక్కటీ లేదు. వాగు ఒడ్డున సమాధి మీద పెట్టిన కర్ర సిలువను చెదలు తినేశాయి. ఆయన చేయి ఈ భూమి మీద ఆనవాలుగా మిగిలింది ఆ ఈశాన్యం మూలలో, నేలకు జానెడు ఎత్తున. దాని ముందు నేను ఇంటికప్పుకు వేసే పాత కూన పెంకులు పేర్చి ఉంచాను, ఎండా వానా తగలకుండా. ఆ బంగళా వంతు వచ్చిన ప్రతిసారీ రెండు పెంకులు పక్కకు జరిపి చూసి మళ్లీ పెట్టేదాన్ని.

నేను చెప్పినదంతా మేడం తెల్లకాగితం మీద రాసింది. చదివి వినిపించింది. "పదకొండు" అన్న చోట ఆగి నా వంక చూసింది. "సరేనా?"

"అవ్ మేడం."

వేలిముద్ర వేశాను.

మర్నాడు కూలీలను పెట్టి పదకొండు గూళ్లూ తెరిపించారు. లోపల నుంచి పుట్టగొడుగుల వాసన వచ్చింది. పాత పెచ్చులు గీకించి, గోడ అడుగున మళ్లీ డంగు సున్నం పూయించారు. నేనే నూరి ఇచ్చాను. ముత్తమ్మ రెండు గంపల కరక్కాయ తెచ్చింది. ఇంజనీరుగారు మెత్తబడలేదు కానీ ఒక మాటకు ఒప్పుకున్నారు. వానాకాలం అంతా చూద్దాం. గోడలు ఆరితే, పగులు పెరగకపోతే పసుపు రంగు. లేకపోతే ఎరుపే.

పగులు పెరిగిందో లేదో తెలుసుకోవడానికి మేడం ఒక పద్ధతి చూపింది. పగులుకు అడ్డంగా సన్నని గాజు పట్టీ పెట్టి, రెండు కొనలూ గోడకు అతికించింది. దాన్ని టెల్‌టేల్ అంటారట. గోడ వెంట్రుకంత కదిలినా గాజు విరుగుతుంది.

"రోజూ చూడు. విరిగితే పోస్టాఫీసుకు వెళ్లి ఎవరితోనైనా ఒక కార్డు రాయించు" అంది. "ఇంకో పట్టీ మిగిలింది, నీ దగ్గర ఉంచు. దసరా తర్వాత వస్తాను."

జీపు పోయాక దారి మీద దుమ్ము అణిగే వరకు అక్కడే నిలబడ్డాను. లోపలికి వచ్చి చూస్తే వరండాలో మేడం తాగిన కప్పు ఉంది. దాన్ని రెండు రోజులు కడగలేదు.

వానలు వచ్చాయి. మా వైపు వాన అంటే అడవి అంతా ఒకటే మోత. దారి తెగితే పది రోజులు మనిషి మొఖం కనిపించదు. ఆ వానలో కూడా పుస్తకాల బంగళా గోడలు ఆరుతూ వచ్చాయి. అరచేయి ఆనించి చూసేదాన్ని. దక్షిణం వైపు ముందు ఆరింది, తర్వాత పడమర, ఆ తర్వాత ఉత్తరం. పొడి గోడ చేతికి వెచ్చగా తగులుతుంది. ఈశాన్యం మూల మాత్రం చల్లగానే ఉంది. చేయి తీస్తే తడి అంటుకునేది.

"గీ మూలకు ఏం కోపం?" అని ముత్తమ్మ ఒకరోజు అడిగింది. "అన్ని ఆరినయి. ఇది ఏడుస్తనే ఉన్నది."

"ఎండ తగలదు గదా."

"పొద్దు పొడిచేది ఇటే. గీడ తగలక ఏడ తగుల్తది?" అని నా వంక అదోలా చూసింది. అడవిలో పుట్టినవాళ్లకు దిక్కుల గురించి అబద్ధం చెప్పలేము.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం చూస్తే గాజు విరిగి ఉంది. అడ్డంగా, వెంట్రుకలాంటి గీత. మిగిలిన పట్టీ తెచ్చాను. అతికించడం నాకు రాని పనా? సున్నం చిటికెడు చాలు, ఎవరికీ తెలియదు. పట్టీ చేతిలో పట్టుకుని చాలాసేపు ఆ మూలలో కూర్చున్నాను. గోడ అటు పక్క, ఆ పెంకుల వెనక, యాకోబు వేళ్లు ఉన్నాయి. కొత్త గాజు పెడితే చూసేవాళ్లు మోసపోతారు, దూలం మోసపోదు. పట్టీ తీసుకుపోయి దాని కాగితంలో మళ్లీ చుట్టి పెట్టాను. కార్డు మాత్రం రాయించలేదు.

దసరా వెళ్లిన వారానికి మేడం, ఇంజనీరుగారు వచ్చారు. మర్నాడు పదింటికి యూనివర్సిటీ పెద్దలు అక్కడికే వచ్చి, బంగళాలు చూసి, ప్లాను మీద సంతకాలు పెడతారు. మేడం గోడలన్నీ తడిమి చూసింది. ఆమె ముఖం వెలిగింది. ఈశాన్యం మూలకు రాగానే ఆగిపోయింది.

ఇంజనీరుగారు విరిగిన గాజును పెన్నుతో తట్టారు. "చూశారా? నేను చెప్పానా? పదకొండు కాదు, పాతిక కన్నాలు తెరిచినా ఈ మూల కుంగేదే. ఒక మూల కుంగాక మిగతాది ఎన్నాళ్లు?" నా వైపు తిరిగి, "ఎప్పుడు విరిగిందమ్మా?" అన్నారు.

"నెలయింది సార్."

"ఎందుకు చెప్పలేదు?"

నేను తల దించుకున్నాను.

ఆయన భోజనానికని పాల్వంచ వెళ్లారు. మేడం కదల్లేదు. సాయంత్రం దాకా ఆ మూలలోనే మెట్టు మీద కూర్చుని ప్లాను కాగితాలు తిరగేస్తూ ఉంది. ఎండ వాలుతోంది. నేను చాయ్ తీసుకెళ్లాను.

"ఎస్తేరమ్మా" అంది, కాగితం చూపిస్తూ. "దక్షిణం వైపు గూళ్లు నాలుగు. ఉత్తరం నాలుగు. పడమర రెండు. తూర్పున ఒకటే. కట్టినవాడు అంత లెక్కగా కట్టి, తూర్పున ఒకటి మరిచిపోయాడంటావా?"

అంటే ఆమెకు మొదటి నుంచీ అనుమానం ఉంది. నన్ను అడగకుండా ఆగింది. చాయ్ కింద పెట్టి, గోడ అటు పక్కకు నడిచి, పెంకులు ఒక్కొక్కటే తీశాను. మేడం వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుంది. నాలుగు చాళ్లు చూసింది.

"ఎవరివి?"

"మా ఆయనవి. పని అయిపోతే గట్ల గీసేటోడు. చదువు రాదు గదా మేడం, గదే సంతకం."

మేడం మెల్లగా చెప్పింది. "ఇది తెరిస్తే లోపల దూలం కొన కుళ్లిందో, పునాదే కుంగిందో కంటికి కనిపిస్తుంది. దూలం అయితే మార్చేస్తాం, బంగళా నిలుస్తుంది. కానీ తెరవమని నేను కూలీలకు చెప్పను. నువ్వు వద్దంటే నాకు ఇది తెలియదు."

"వద్దంటే రేపు ఎరుపేనా?"

"ఎరుపే."

"తీస్తే ఇవి మిగలవు."

"మిగలవు. సిమెంటు ముక్కలైపోతుంది. ఇంకా వెలుగుంది, కావాలంటే ఇప్పుడే కాగితం పెట్టి అంతే సైజులో గీసిస్తాను."

"వద్దు మేడం. కాగితం మీద గీస్తే అవి మీ గీతలు. ఆయనవి కావు."

అప్పట్లో కాగితం అంటే అది వేరేవాళ్ల సొత్తు అని నా నమ్మకం. ఇప్పుడైతే గీయించుకునేదాన్ని. ఆ ఒక్క సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నా మీద నాకే కోపం వస్తుంది.

తర్వాత ఏమైందో ముందే చెప్పేస్తాను. పుస్తకాల బంగళా పసుపు రంగులోకి వచ్చింది. నాలుగు దూలాలు మార్చారు. ఇప్పటికీ నిలబడి ఉంది. నేను పలక పట్టింది దాని వరండాలోనే. ఇంజనీరుగారు మర్నాడు పన్నెండో గూటి ముందు బోర్లా పడుకుని, టార్చి వేసి చూసి, లేచి దుమ్ము దులుపుకుంటూ, "రాయి చెక్కు చెదరలేదండీ. నేనే పొరబడ్డాను" అని పెద్దల ముందే అన్నారు. అలా అనగలిగిన మనిషిని ఆ తర్వాత నేను తక్కువగా ఎన్నడూ తలవలేదు. నాకు ఒక మెమో ఇచ్చారు. దాన్ని చదవడం వచ్చాక చదువుకున్నాను. "ఇకముందు జాగ్రత్తగా ఉండవలెను" అని ఉంది. ఉద్యోగం పోలేదు.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఒకటే. పాత కట్టడాన్ని ఎండ, వాన పాడుచేసేది కొంతే. దాన్ని ప్రేమించినవాళ్లు, భయపడినవాళ్లు, మంచి అనుకుని చేసి ఎక్కడా చెప్పకుండా పోయిన పనులే దాన్ని ఎక్కువ దెబ్బతీస్తాయి. అందుకే రాత వచ్చిన రోజు నుంచి నా దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. ఏ గోడకు ఏం పూశారు, ఏ తలుపు ఎందుకు మూశారు, ఎవరు చెప్పారు, అన్నీ తేదీ వేసి రాస్తాను. అక్షరాలు వంకరగా ఉంటాయి. నా తర్వాత వచ్చే వాచ్‌మన్‌కు మాత్రం అర్థమవుతాయి. ఆ పుస్తకం మొదటి పేజీలో 1974 నాటి పని రాశాను. గూళ్లు మొత్తం పన్నెండు అని రాశాను.

ఆ సాయంత్రం మేడం అతిథి గదికి వెళ్లిపోయింది. నన్ను ఏదీ అడగలేదు.

మర్నాడు పొద్దున, వెలుగు రాగానే, ట్రంకు పెట్టెలోంచి యాకోబు ఉలి, సుత్తె తీశాను. ఆరేళ్లుగా వాటికి నూనె రాస్తూ ఉంచాను కానీ వాడలేదు. ఆ మూలకు వెళ్లి నేల మీద కూర్చున్నాను. మంచు పడి సిమెంటు నల్లగా ఉంది. నా నాలుగు వేళ్లు ఆ నాలుగు చాళ్లలో పెట్టాను. ఆయనవి లావు వేళ్లు. నావి అందులో వదులుగా, చెప్పుల్లో చిన్నపిల్ల పాదాల్లా ఉన్నాయి. పైనుంచి కిందికి, ఆయన గీసినట్టే ఒకసారి గీశాను. కిందికి వచ్చేసరికి చాళ్లు కొద్దిగా ఎడమకు వంగాయి. పదమూడేళ్లు చూస్తూ కూడా ఆ వంపు సంగతి నాకు తెలియదు.

ముక్క ముక్కగా పోకుండా పలకలాగా ఊడివస్తుందేమోనని అంచుల చుట్టూ ఉలి పెట్టి మెల్లగా కొట్టాను. చుట్టూ మూడు వైపులు వచ్చాయి. నాలుగో వైపు కొట్టగానే రెండో వేలికీ మూడో వేలికీ నడుమ నిలువునా పగిలింది. ఆ తర్వాత మెల్లగా కొట్టలేదు.

గూడు తెరుచుకుంది. లోపల చీకటి. పిల్ల పాదాల మీద పాకిన పాము ఇక్కడి నుంచే వచ్చింది. చేతికి గుడ్డ చుట్టుకుందామని అనుకుని, చుట్టుకోకుండానే మోచేతి దాకా లోపల పెట్టాను. దూలం కొన తగిలింది. తడిసిన రొట్టెలా వేళ్ల మధ్య చిట్లింది. దాని కింద చేయి ఇంకా దించాను. పునాది రాయి తగిలింది. చల్లగా, గట్టిగా, ఎక్కడా సందు లేకుండా ఉంది. ఆ రాయి మీద చేయి పెట్టుకుని అలాగే కాసేపు ఉన్నాను. నా చేతి పక్క నుంచి లోపలి గాలి బయటికి వస్తూ మణికట్టుకు తగులుతోంది.

అప్పుడు చేయి తీసుకుని, చెంగుతో తుడుచుకుని, సిమెంటు ముక్కలన్నీ తట్టలోకి ఎత్తాను. పదింటికి పెద్దవాళ్లు వస్తారు. చీపురు తెచ్చి ఆ జాగా శుభ్రంగా ఊడ్చాను.